కంగేకో: చలికాలపు తెల్లవారుజాము సాధన వల్ల యుద్ధకళలో నిజంగా ఏం పెరుగుతుంది?

మల్లెపందిరి (హైదరాబాద్), డిసెంబరు 28, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయికి 12 ఏళ్లు, మూడేళ్లుగా కరాటే నేర్చుకుంటున్నాడు. వాళ్ల శిక్షణ కేంద్రంలో జనవరి 5 నుంచి పది రోజులపాటు ‘కంగేకో’ జరుగుతుందని చెప్పారు. రోజూ ఉదయం 5 గంటలకల్లా స్వెట్టరు, చెప్పులు లేకుండా కరాటే దుస్తులతో మైదానానికి రావాలట. సాధన ముగిశాక ఒక్కొక్కరి మీద రెండు బకెట్ల చన్నీళ్లు పోస్తారట. ఒక్కరోజు మానినా ప్రశంసాపత్రం ఇవ్వరట. ఇది జపాన్‌లో తరతరాలుగా ఉన్న పద్ధతి అని మాస్టారు అన్నారు. ఆయన మంచివారు, పిల్లలంటే ప్రేమ ఉన్నవారు, అందులో నాకు సందేహం లేదు.

అయితే మావాడికి చిన్నప్పుడు ఆయాసం ఉండేది. రెండేళ్లుగా మందు లేకుండానే బాగున్నాడు గానీ, చలిగాలి తగిలితే ఇప్పటికీ దగ్గుతాడు. కష్టపడటం నేర్చుకోవాలనే నేను వాణ్ణి కరాటేలో చేర్చాను కాబట్టి, కష్టమని చెప్పి మాన్పించను. నేను తెలుసుకోగోరేది ఒక్కటే. ఈ సాధనలో మేలు చేసేది చలా, తెల్లవారుజామున లేవడమా, చన్నీళ్లా? ఈ మూడింటిలో దేనికి సరేననాలి, దేనికి వద్దనాలి?


తెల్లవారుజాము (టోక్యో), డిసెంబరు 28, రాత్రి 11:15

మల్లెపందిరి గారూ, నేను ఇక్కడ ఉద్యోగం చేస్తూ తొమ్మిదేళ్లుగా జూడో సాధన చేస్తున్నాను. ఇక్కడి జూడో ప్రధాన కేంద్రమైన కోడోకాన్‌లో జరిగే కంగేకోలో మూడుసార్లు పాల్గొన్నాను కాబట్టి, ముందుగా ఆ మాట ఎక్కడిదో చెబుతాను.

‘కన్’ అంటే చలి, ‘కేకో’ అంటే సాధన. రెండూ కలిసినప్పుడు కంగేకో అవుతుంది. జపాన్ పాత పంచాంగంలో ఏడాదిని 24 భాగాలు చేశారు. వాటిలో ‘షోకాన్’, అంటే చిన్న చలి, జనవరి 5 లేక 6న మొదలవుతుంది. ‘దాయికాన్’, అంటే పెద్ద చలి, 20వ తేదీ ప్రాంతంలో వస్తుంది. ఫిబ్రవరి 4 దగ్గర వసంతారంభం వచ్చేదాకా ఉన్న ఆ నెల రోజులనే ‘కన్’ అంటారు. ఈ పంచాంగం చైనా నుంచి వచ్చింది. చైనా యుద్ధకళల్లో కూడా ‘చలికాలంలో మూడో తొమ్మిదిలో సాధన చెయ్యి, ఎండకాలంలో మూడు ఫూలలో సాధన చెయ్యి’ అనే సామెత ఉంది. ఫూలు అంటే ఎండ మండిపోయే రోజులు. శీతకాలపు అయనం నుంచి తొమ్మిదేసి రోజుల చొప్పున లెక్కిస్తే మూడో తొమ్మిది జనవరి 9 నుంచి 17 దాకా వస్తుంది. ఏడాదిలోకెల్లా చలి ఎక్కువగా ఉండే రోజులు అవే. గమనించవలసిన సంగతి ఏమిటంటే, జపాన్‌లో కంగేకో చేసేది యుద్ధకళల వాళ్లు మాత్రమే కాదు. గాయకులు, షామిసెన్ అనే తీగల వాద్యం వాయించేవారు కూడా ఆ రోజుల్లో తెల్లవారుజామున గొంతు విప్పి, వేళ్లు కొంకర్లు పోతున్నా తీగలు మీటి సాధన చేసేవారు. కొట్లాటకు ఒంటిని రాయి చేసుకోవడమే దీని ఉద్దేశమైతే గాయకులకు దీంతో పనేముంది?

ఇక కోడోకాన్ సంగతి. జిగోరో కానో 1882లో టోక్యోలోని ఎయిషోజీ అనే గుడిలో 12 తతామీలు (మందపాటి చాపలు) పరిచిన గదిలో జూడో మొదలుపెట్టారు. ఇప్పుడు ఏడో అంతస్తులో ఉన్న ప్రధాన దోజోలో, అంటే సాధనశాలలో, 420 తతామీలు పడతాయి. అక్కడ కంగేకో జనవరిలో పది రోజులు, ఉదయం 5:30 నుంచి 7:30 దాకా జరుగుతుంది. ఎవరి మీదా నీళ్లు పోయరు. గుంజీలు, కిందపడటం సాధన చేయడం, ఆ తరువాత ఉచికోమి (ఒకే పట్టును పదేపదే సాధన చేయడం), ఆ పైన రందోరి (ఇద్దరు స్వేచ్ఛగా తలపడటం), ఇంతే. అక్కడ చేసేది మామూలు సాధనే, మారేది వేళ ఒక్కటే. నాకు కష్టంగా తోచింది దోజోలో గడిపిన ఆ రెండు గంటలు కాదు. పగలంతా ఉద్యోగం చేసి అలసిపోయి, మర్నాడు మళ్లీ నాలుగింటికి దుప్పటి తీసి లేచే ఆ ఒక్క నిమిషమే కష్టం. మొదటి ఏడాది నాలుగో రోజున దాదాపు మానేశాను. చీకట్లో స్టేషను దాకా నడుస్తుంటే, భుజాన కట్టిన జూడో దుస్తుల మూటతో నా ముందు 70 ఏళ్లు దాటిన ఒక పెద్దాయన నడుస్తున్నారు. ఆయన వెనకే నేనూ వెళ్లిపోయాను.


మంచుమెట్టు (డెన్వర్), డిసెంబరు 29, ఉదయం 6:05

తెల్లవారుజాము గారు కంగేకోను మరీ మెత్తగా చెప్పారని నాకు అనిపిస్తోంది. నేను క్యోకుషిన్ కరాటే సాధకుణ్ణి, ఒంటికి నిజంగా దెబ్బలు తగిలేలా పోరాడే శాఖ అది. మా పద్ధతిలో శీతకాల శిబిరం అంటే సైతమా జిల్లా చిచిబు కొండల్లోని మిత్సుమినే మందిరం గుర్తుకొస్తుంది. సముద్రమట్టానికి సుమారు 1100 మీటర్ల ఎత్తున ఉన్న ఆ చోట, జనవరిలో మంచు మీద వట్టి కాళ్లతో పరుగెత్తి, జలపాతం కింద నిలబడి, గుద్దులు సాధన చేసిన తరాలు ఉన్నాయి. మా శాఖను స్థాపించిన మసుతత్సు ఓయామా తాను కొండల్లో ఒంటరిగా చేసిన సాధననే శిష్యుల దగ్గరకు అలా తెచ్చారు.

పోటీలో ఎదుటివాడి మోకాలు తొడకు తగిలినప్పుడు ఒళ్లంతా ఆగిపొమ్మంటుంది. ఆ క్షణాన ఊపిరి చెదరకుండా నిలబడటాన్ని హాయిగా ఉన్న గదిలో నేర్పలేరు. చన్నీళ్లు మీద పడ్డప్పుడు గుండె దడదడలాడుతుంది, ఊపిరి పైకి ఎగదన్నుతుంది. దాన్ని అదుపులోకి తెచ్చుకోవడమే సాధన. మేము ఇక్కడ సున్నాకు 10 డిగ్రీలు తక్కువ ఉన్నప్పుడు కూడా ఆరుబయట 20 నిమిషాలు కాతా (వరుసగా చేసే కరాటే కదలికలు) చేస్తాము. అందువల్ల నాలో వచ్చిన మార్పు నాకు తెలుసు. 12 ఏళ్ల పిల్లవాడికి రెండు బకెట్ల నీళ్లు ప్రమాదమని నేను అనుకోను.


ఊపిరి (విశాఖపట్నం), డిసెంబరు 29, రాత్రి 8:30

క్రీడా వైద్యం నా వృత్తి. మంచుమెట్టు గారు చెప్పిన అనుభవం నిజమే గానీ, ఆయన దానికి చెప్పిన కారణాన్ని కొంత సవరించాలి.

చలికి శరీరం రెండు రకాలుగా స్పందిస్తుంది. ఒకటి, చల్లటి నీళ్లు ఒక్కసారిగా చర్మానికి తగిలినప్పుడు వచ్చే అదురు. నీరు 15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే మనిషి తన ప్రమేయం లేకుండానే గట్టిగా ఊపిరి పీలుస్తాడు, ఆ తరువాత ఒకటి రెండు నిమిషాలు రొప్పుతాడు, గుండె వేగం, రక్తపు పోటు పెరుగుతాయి. కొన్ని నిమిషాల చొప్పున ఐదారు సార్లు చల్లటి నీటిలోకి దిగితే చాలు, ఈ అదురు దాదాపు సగానికి తగ్గుతుంది. అంటే మంచుమెట్టు గారు పొందినది వాస్తవమైన లాభమే. కాకపోతే అందుకు జలపాతాలు, ఏళ్ల తరబడి తపస్సు అవసరం లేదు.

రెండోది, ఒంట్లో వేడి క్రమంగా తగ్గడం. ఇందులో లాభం కనిపించదు, నష్టమే కనిపిస్తుంది. కండరంలో వేడి ఒక్క డిగ్రీ తగ్గితే అది ఒక్క ఉదుటున చూపగల బలం సుమారు 3 నుంచి 5 శాతం పడిపోతుంది. నరాల్లో సంకేతాలు నెమ్మదిస్తాయి, వేళ్లు మొద్దుబారుతాయి. అటువంటి స్థితిలో నేర్చుకున్న తన్ను నెమ్మదైన తన్నే అవుతుంది. పైగా కాళ్లు సాగని స్థితిలో ఎత్తుగా తన్నబోతే తొడ వెనక కండరం చిరుగుతుంది. ఇటువంటి గాయాలు నా దగ్గరకు ఏటా జనవరిలోనే ఎక్కువగా వస్తాయి. శరీరం చలికి అలవాటు పడినా, ఆ అలవాటు నిలవ ఉండేది కాదు. కొరియాలోని జేజూ ద్వీపంలో శంఖాలు, నాచు ఏరే మునక స్త్రీలు నూలు బట్టలతోనే శీతకాలపు సముద్రంలో మునిగేవారు. చలిని తట్టుకోవడంలో వారి శరీరాలు ఎంత మారాయో శాస్త్రవేత్తలు కొలిచారు. 1970లలో వారు రబ్బరు దుస్తులు వేసుకోవడం మొదలుపెట్టాక కొన్నేళ్లకే ఆ మార్పు మాయమైంది. తరతరాలుగా మునిగినవారిలోనే నిలవనిది, ఏడాదికి పది రోజుల సాధనతో ఎలా నిలుస్తుంది?

మల్లెపందిరి గారూ, ఇప్పుడు మీవాడి సంగతి. హైదరాబాద్‌లో జనవరి కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 15 డిగ్రీల దగ్గర ఉంటుంది, టోక్యోలో 1 డిగ్రీ దగ్గర. కదులుతున్న పిల్లవాడికి మీ ఊరి చలి వల్ల ప్రమాదం లేదు. నాకు ఆందోళన కలిగించేవి వేరు. మొదటిది నీళ్లు. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. పిల్లల బరువుతో పోలిస్తే వారి చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి వారు పెద్దల కంటే త్వరగా చల్లబడతారు. చెమటతో తడిసిన దుస్తుల మీద నీళ్లు పోసి, వరుసలో నిలబెట్టి ఉపన్యాసం ఇస్తే వణుకు మొదలవుతుంది. రెండోది గాలి. శీతకాలపు తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉండటం వల్ల వాహనాల పొగ, దుమ్ము పైకి పోలేక కిందనే నిలుస్తాయి. నగరంలో ఉదయం 5 గంటల గాలిని మనం స్వచ్ఛమైనదని భ్రమపడతాము. ఆయాసం చరిత్ర ఉన్న పిల్లవాడు ఆ చల్లటి, పొడి గాలిని నోటితో వేగంగా పీల్చితే శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. ముందుగా మీ వైద్యుడికి చూపించండి. మొదటి 15 నిమిషాలు నెమ్మదిగా ఒళ్లు వేడెక్కించుకోనివ్వండి. వీలైనంతవరకు ముక్కుతోనే గాలి పీల్చమనండి. ఇన్‌హేలర్ సంచిలో ఉండాలి, అది సంచిలో ఉందన్న సంగతి మాస్టారుకు తెలిసి ఉండాలి.


నహా_గాలి (బెంగళూరు), డిసెంబరు 29, రాత్రి 10:02

ఇక్కడ ఒక సంగతి మరిచిపోతున్నాము. కరాటే పుట్టింది జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలో, అక్కడ ఇంత చలి లేదు. అక్కడి నహా నగరంలో జనవరి సగటు ఉష్ణోగ్రత 17 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఒకినావా కరాటే గురువు గిచిన్ ఫునాకోషి 1922లో టోక్యోకు వచ్చి, కానో ఆహ్వానం మీద కోడోకాన్‌లో కరాటే ప్రదర్శించి, అక్కడే ఉండిపోయిన తరువాత ఆ కళ జూడో నుంచి తెల్ల దుస్తులను, పట్టీలను, దాన్ అనే నల్లపట్టీ శ్రేణులను తీసుకుంది. మంచు పడే ఊళ్లకు చేరాకనే చలి సాధన కూడా దానికి అబ్బింది. ఒకినావా గురువులు రాతి జాడీలు మోసి, మకివారా అనే గుద్దుడు గుంజను గుద్ది చేతులు గట్టిపరచుకున్నారు. ఏ ఊరి ఋతువు ఏది పెడితే దానితో సాధన చేయడం న్యాయమే. కానీ హైదరాబాద్ మాస్టారు లేని చలిని బకెట్లతో సృష్టించడం ఆ న్యాయానికి కూడా ఒప్పదు.


గోదా_మట్టి (కరీంనగర్), డిసెంబరు 30, ఉదయం 5:20

అమ్మా, నాకు 68 ఏళ్లు. చిన్నప్పుడు మా ఊరి తాలింఖానాలో కుస్తీ పట్టాను, తరువాత పాతికేళ్లు జూడో నేర్పాను. చదువుకున్నవారు చెప్పవలసినది చెప్పారు కాబట్టి, నేను చూసినది మాత్రం చెబుతాను.

మా ఉస్తాద్ చలికాలంలో మమ్మల్ని తెల్లవారక ముందే పిలిచేవారు. గోదాలో మట్టి రాత్రంతా మంచుకు తడిసి, కాలు పెడితే జివ్వుమనేది. కానీ ఆయన మమ్మల్ని వెంటనే కుస్తీకి దింపేవారు కాదు. చేతికి పార ఇచ్చి గోదా అంతా తవ్వించేవారు. నువ్వులనూనె, పసుపు కలిపిన ఆ మట్టిని తిరగేసి, మళ్లీ చదును చేసేసరికి అరగంట పట్టేది, ఒంటి నుంచి ఆవిరి లేచేది. అప్పుడు దండీలు, బైఠకులు, ఆ తరువాతే పట్టు. ఒళ్లు వేడెక్కక ముందు పట్టు పడితే మెడ విరుగుతుందని ఆయనకు ఏ పుస్తకమూ చెప్పలేదు. సాధన అయ్యాక ఒంటికి మట్టి పూసుకుని ఎండ వచ్చేదాకా కూర్చునేవాళ్లం. ఎండ పొడ తగిలాకనే స్నానం.

ఇంకొక మాట. అయ్యప్ప మాల వేసుకున్న మనిషి 41 రోజులు సూర్యోదయానికి ముందే చన్నీళ్ల స్నానం చేసి, చెప్పులు లేకుండా తిరిగి, నేల మీద పడుకుంటాడు. మా శిష్యుల్లో అరడజను మంది ఏటా మాల వేసేవారు. దీక్ష విరమించాక వారి బలం పెరిగిందని నేను చెప్పలేను. అయితే సంక్రాంతి దాటాక ‘రేపు రండి’ అంటే ఎందుకని అడగకుండా వచ్చేది వారే. ఆ మనుషుల్లో ఆ 41 రోజులు ఏదో సర్దేసి పోయేవి. కాకపోతే మాల వేసుకోవాలా వద్దా అన్నది వారు తామే నిర్ణయించుకున్నది. ఎవరో వేయించిన మాల అలా పనిచేయదు. మీ పిల్లవాడిని అడిగారా?


వెదురు_కత్తి (టొరంటో), డిసెంబరు 30, రాత్రి 7:45

గోదా_మట్టి గారి ప్రశ్న నా మనసులో ఉన్నదే. నేను వెదురు కత్తితో చేసే జపాన్ పోరు కళ కెందో సాధన చేస్తాను. మాది చెక్క నేల. ఫిబ్రవరిలో ఆ నేల మీద వట్టి పాదాలతో నిలబడితే మొదటి పది నిమిషాలు అరికాళ్లలో స్పర్శ ఉండదు. మడమ తొక్క పగిలి, పగుళ్లకు టేపు వేసుకుని దిగేవారు సగం మంది ఉంటారు. ఇదంతా గొప్ప అని నేను అనను, నేల కాలికి తెలియనప్పుడు అడుగు తప్పుతుంది, బొటనవేలు విరుగుతుంది. మా గురువుగారు చలి రోజుల్లో సాధనను కిరికాయెషీతో మొదలుపెట్టి చాలాసేపు అదే చేయిస్తారు. ఆగకుండా అరుస్తూ, ముందుకీ వెనక్కీ కదులుతూ కొట్టే ఆ వరుసలతో పాదాలకు ప్రాణం వచ్చాకనే పోటీ సాధన.

అయితే చలి నాకు నేర్పింది ఒకటుంది. మొద్దుబారిన వేళ్లతో వెదురు కత్తిని బిగించి పట్టుకుంటే అది కదలదు, వదిలేస్తే జారిపోతుంది. అవసరమైనంత మేరకే పట్టుకోవడం ఎలాగో నేను జనవరిలో నేర్చుకున్నాను. వేసవిలో ఎన్నిసార్లు చెప్పినా నా చెయ్యి వినలేదు. ఊపిరి గారి లెక్కలో ఇది పడకపోవచ్చు.


ఊపిరి (విశాఖపట్నం), డిసెంబరు 30, రాత్రి 9:10

పడుతుంది వెదురు_కత్తి గారూ. బలం తగ్గినప్పుడు ఉన్న బలాన్ని పొదుపుగా వాడటం నేర్చుకున్నారు. నేను ముందు రాసినదానిలో బలం గురించి ఆలోచించాను గానీ, పొదుపు గురించి ఆలోచించలేదు. మీరు చెప్పినది ఒప్పుకుంటున్నాను.


సరిహద్దు (శ్రీకాకుళం), డిసెంబరు 31, ఉదయం 10:30

సైన్యంలో 17 ఏళ్లు చేశాను, అందులో కొన్నేళ్లు లద్దాఖ్‌లో ఉన్నాను. నిజమైన చలిలో మాకు చెప్పిన మొదటి పాఠం చెమట పట్టనివ్వవద్దని. నడక మొదలుపెట్టే ముందే ఒక పొర తీసేసేవాళ్లం, ఆగగానే వేసుకునేవాళ్లం. తడిసిన మేజోళ్లు మార్చుకోనివాడిని అధికారి మెచ్చుకోడు, దండిస్తాడు. ఎందుకంటే వాడి కాలివేళ్లు పోతే వాణ్ణి మరో నలుగురు మోయాలి. చలిలో నిలవడం అంటే చలిని లెక్కచేయకపోవడం అని అనుకునేవారు మొదటి నెలలోనే ఆసుపత్రికి చేరేవారు. పిల్లలకు ఓర్పు నేర్పాలనుకునే మాస్టారు వారికి పొడి బట్టలు సర్దుకోవడం, తోటివాడి పెదవులు నీలంగా మారుతున్నాయేమో చూడటం కూడా నేర్పాలి. అదీ సాధనలో భాగమే.


మంచుమెట్టు (డెన్వర్), జనవరి 1, ఉదయం 7:50

అందరి మాటలూ చదివాను. నా వాదన పూర్తిగా వదులుకోను గానీ, ఒక తేడాను నేను గుర్తించలేదని ఒప్పుకుంటున్నాను. నేను ఆ మంచులో నిలబడటం మొదలుపెట్టినప్పుడు నాకు 26 ఏళ్లు, ఎవరూ నన్ను నిలబడమనలేదు. 12 ఏళ్ల పిల్లవాడు వరుసలో నిలబడి, తన వంతు బకెట్ కోసం ఎదురుచూస్తూ, వద్దనే అవకాశం లేకుండా ఉన్నప్పుడు అది అదే సాధన కాదు. కానీ కష్టాన్ని ఆసాంతం తీసివేస్తే మిగిలేది యుద్ధకళ కాదన్నది నా నమ్మకం. దెబ్బ తగిలినప్పుడు పనికివచ్చే మనసు సుఖంలో తయారు కాదు.


తెల్లవారుజాము (టోక్యో), జనవరి 1, రాత్రి 8:20

మంచుమెట్టు గారూ, మీ నమ్మకంతో నాకు పేచీ లేదు. ఏ కష్టం అన్నదే ప్రశ్న. 1889లో ఇచ్చిన ఉపన్యాసంలో కానో జూడోకు మూడు లక్ష్యాలు చెప్పారు: శరీర వ్యాయామం, పోరు, శీల సాధన. తరువాతి రోజుల్లో ఆయన ‘సెయిర్యోకు జెన్యో’ అనే సూత్రాన్ని అన్నింటికీ మూలంగా పెట్టారు. ఉన్న శక్తిని అత్యుత్తమంగా వినియోగించడం అని దాని భావం. పదిమంది పిల్లలను తడిపి వణికించడానికి ఖర్చయ్యే అరగంట దేనికి వినియోగపడింది అని ఆ సూత్రాన్నే అడగవచ్చు.

జపాన్‌లో సంప్రదాయమనే మాట చాటున జరిగిన నష్టం చిన్నది కాదు. 1983 తరువాతి మూడు దశాబ్దాలలోపే పాఠశాలల జూడోలో వందకు పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువమంది తలకు దెబ్బ తగిలి, కొందరు వడదెబ్బతో. 2012లో మధ్యస్థాయి పాఠశాలల్లో యుద్ధకళలు తప్పనిసరి చేసినప్పుడు తల్లిదండ్రులు ఈ సంగతిని గట్టిగా ముందుకు తెచ్చారు. ‘ఓర్చుకో’ అన్న మాటను పిల్లవాడు నమ్మి, తలనొప్పిగా ఉందని చెప్పకుండా మళ్లీ తతామీ మీదికి వెళ్లడం ఆ మరణాల్లో కొన్నింటికి కారణం. ఆ విషయం తెలిసిన నాటి నుంచి నేను పిల్లలకు కిందపడటం నేర్పే ముందు, ‘నాకు బాగాలేదు’ అని బిగ్గరగా చెప్పడం నేర్పుతున్నాను. వాళ్లందరి చేతా ఒకేసారి గట్టిగా అనిపిస్తాను.


మల్లెపందిరి (హైదరాబాద్), జనవరి 4, రాత్రి 9:05

అందరికీ కృతజ్ఞతలు. గోదా_మట్టి గారు అడగమన్న ప్రశ్న వాణ్ణి అడిగాను. ‘పొద్దున్నే లేవడం నాకు కావాలి, నీళ్లంటే భయంగా ఉంది, కానీ ఆ మాట అందరి ముందూ చెప్పలేను’ అన్నాడు. ఆ మాట విన్నాక నాకు మాస్టారుతో మాట్లాడే ధైర్యం వచ్చింది. వైద్యుడికి చూపించి, ఆయన రాసిచ్చిన చీటీతో వెళ్లాను. మాస్టారు కోపగించుకుంటారనుకున్నాను గానీ, ఊపిరి గారు, సరిహద్దు గారు రాసినవి చదివి వినిపిస్తే చాలాసేపు మౌనంగా ఉండి, తనకు నేర్పినవారు అలాగే చేశారని, తాను దాన్ని ప్రశ్నించలేదని అన్నారు. నీళ్లు పోయడం మానేశారు. సాధన 6 గంటలకు మార్చారు. పిల్లలందరూ పొడి బట్టలు, తువ్వాలు తెచ్చుకోవాలన్నారు. హాజరు నియమం మాత్రం అలాగే ఉంచారు. రేపే మొదటి రోజు.


మల్లెపందిరి (హైదరాబాద్), జనవరి 11, రాత్రి 8:40

మరొక సలహా కావాలి. ఏడు రోజులు గడిచాయి. నాలుగో రోజు నుంచి వాడే అలారం కంటే ముందు లేస్తున్నాడు, తన సంచి తానే సర్దుకుంటున్నాడు. నిన్న రాత్రి కొద్దిగా జ్వరం వచ్చినా చెప్పకుండా ఈ రోజు కూడా వెళ్లాడు. మధ్యాహ్నం ఒళ్లు పట్టి చూస్తే తెలిసింది. ఎందుకు దాచావంటే, మానితే పత్రం రాదన్నాడు. ఇప్పుడు దగ్గుతున్నాడు, ఆయాసం లేదు. ఇన్ని రోజులు వెళ్లి ఈ మూడు రోజులు మానాలంటే వాడికి ఏడుపు ఆగడం లేదు.


ఊపిరి (విశాఖపట్నం), జనవరి 11, రాత్రి 8:55

జ్వరం ఉన్నంతవరకు సాధన వద్దు, ఇందులో రెండో మాట లేదు. జ్వరంతో శ్రమ చేస్తే గుండె కండరానికి వాపు వచ్చే అవకాశం ఉంది. జ్వరం తగ్గి పూర్తిగా 24 గంటలు గడిచాక, వైద్యుడు సరేనంటే, నెమ్మదిగా మొదలుపెట్టవచ్చు.


గోదా_మట్టి (కరీంనగర్), జనవరి 12, ఉదయం 5:05

అమ్మా, తప్పు పిల్లవాడిది కాదు. ఒక్కరోజు మానితే అన్నీ పోతాయని పెద్దవాళ్లం చెప్పాము, వాడు నమ్మాడు. నేను నేర్పే రోజుల్లో నేనూ ఈ నియమమే పెట్టేవాణ్ణి. కామెర్లతో ఉన్న కుర్రవాడు పట్టీ బిగించుకుని వచ్చిన రోజున దాన్ని తీసేశాను. వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు, కానీ ఆ రోజు వాడి కళ్ల రంగు నేను మరిచిపోలేదు. హాజరు పట్టీలో వచ్చినవాడికి ఒక గీత, కబురు పంపి మానినవాడికి ఒక సున్న పెట్టేవాణ్ణి. రెండూ లెక్కలోకే వచ్చేవి, చెప్పకుండా మానినవాడిదే ఖాళీగా ఉండేది. మీ మాస్టారుకు ఈ మాట చెప్పి చూడండి.


వెదురు_కత్తి (టొరంటో), జనవరి 12, ఉదయం 6:30

మల్లెపందిరి గారూ, కెందోలో ‘మితోరి గేకో’ అని ఒకటుంది. చూసి నేర్చుకునే సాధన అని అర్థం. గాయపడ్డవారు, ఒంట్లో బాగాలేనివారు దోజోకు వచ్చి, గోడ పక్కన వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని, మిగతావారి అడుగులను, దూరాన్ని, ఎవరు ఎప్పుడు ఊపిరి పీలుస్తున్నారన్నదాన్ని గమనిస్తారు. మా క్లబ్బులో అలా కూర్చున్న రోజు కూడా హాజరుగానే రాస్తారు. చీలమండ బెణికి ఆరు వారాలు అలా కూర్చున్నప్పుడు, మా సీనియర్ ఒకరు కొట్టబోయే ముందు ఎడమ మడమను ఎలా లేపుతారో మొదటిసారి నాకు కనిపించింది. అంతకు ముందు నాలుగేళ్లు ఆయనతో తలపడుతూ కూడా నేను దాన్ని చూడలేదు.


మల్లెపందిరి (హైదరాబాద్), జనవరి 13, రాత్రి 9:30

నిన్నా ఇవాళా ఇంట్లోనే ఉంచాను. నిన్న ఉదయం నుంచి జ్వరం లేదు. గోదా_మట్టి గారి సున్న గురించీ, మితోరి గేకో గురించీ మాస్టారుకు చెప్పాను. రేపు చివరి రోజు కాబట్టి వాణ్ణి తీసుకురమ్మన్నారు, గదిలోపల గాలి తగలని మూల చాప వేయిస్తానన్నారు. ఒక చిన్న నోటుపుస్తకం కూడా తెచ్చుకోమన్నారట. పోటీ సాధనలో ఎవరు ముందు కదిలారో ప్రతి జోడీకీ రాసి, చివర అందరికీ చదివి వినిపించాలట. వాడు సాయంత్రం నుంచి ఆ పుస్తకానికి గీతలు కొడుతున్నాడు. భోగి మంట నాలుగున్నరకే వేసి, వాడికి శాలువా కప్పి అటునుంచి అటే తీసుకువెళతాను.